కయాక్ మీద చేపలు పట్టడం మొదలుపెడుతున్నాను: మొదటి రాడ్, రీల్, లైన్ ఎలాంటివి కొనాలి? (గాల్వెస్టన్ వెస్ట్ బే)

కోనసీమ_కాలువ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను టెక్సాస్‌లో, హ్యూస్టన్‌కు దక్షిణాన ఉన్న పియర్‌లాండ్‌లో నివసిస్తున్నాను. పోయిన నెలలో 10 అడుగుల 6 అంగుళాల సిట్-ఆన్-టాప్ (లోపల కాక పైన కూర్చునే) కయాక్ ఒకటి, ఒకరు వాడినదే, కొనుక్కున్నాను. తెడ్డు వేయడం నాలుగైదు వారాంతాలు ఆర్మండ్ బయూ అనే నెమ్మదైన వాగులో సాధన చేశాను; నిలకడగా నడపగలనన్న ధైర్యం వచ్చింది. ఇప్పుడు గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్క్ నుంచి బే వైపు, అంటే వెస్ట్ బే అనే లోతు తక్కువ ఉప్పునీటి పాయలోకి, దిగి రెడ్‌ఫిష్, స్పెకల్డ్ ట్రౌట్, వీలైతే ఫ్లౌండర్ పట్టాలని నా కోరిక.

చిన్నప్పుడు మా ఊరి పంటకాలువ గట్టు మీద వెదురు కర్రకు నైలాన్ దారం కట్టి, బెండు వేసి, వానపామును గుచ్చి గంటల తరబడి కూర్చున్న అనుభవం తప్ప నాకు ఈ విద్యలో మరే పరిచయమూ లేదు. రీల్, అంటే లైన్ (గాలపు దారం) చుట్టే చక్రం, నా జీవితంలో ఇంతవరకు పట్టుకోలేదు. ఈ మధ్య ఒక దుకాణానికి వెళ్ళి, ఉప్పునీటికి రాడ్ కావాలని అడిగితే, అక్కడి ఉద్యోగి 9 అడుగుల రాడ్, 5000 సైజు రీల్ చేతిలో పెట్టి, ఇవి ఉంటే దేనికైనా సరిపోతాయని చెప్పారు. నేను కయాక్‌లో కూర్చుని పట్టబోతున్నానని చెప్పినా ఆయన మాట మారలేదు. నాకు నమ్మకం కలగక ఖాళీ చేతులతో తిరిగి వచ్చాను.

కాబట్టి అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను. కయాక్‌లో కూర్చుని వాడటానికి ఎంత పొడవు రాడ్ మంచిది? స్పిన్నింగ్ రీల్ (విసిరేటప్పుడు దారపు కండె తిరగనిది) తీసుకోవాలా, బెయిట్‌కాస్టర్ (కండె తిరిగేది) నేర్చుకోవాలా? లైన్ విషయంలో అల్లిక దారం, అంటే బ్రెయిడ్, మేలని కొందరు, మామూలు మోనోఫిలమెంట్, అంటే ఒంటిపోగు దారం, చాలునని కొందరు చెబుతున్నారు. కొత్తవాడికి ఏది తగినది? రాడ్, రీల్, లైన్ అన్నీ కలిపి 150 డాలర్లకు మించకుండా ఉండాలనుకుంటున్నాను.

వెస్ట్‌బే_తెడ్డు

కోనసీమ_కాలువ గారూ, మీరు ఖాళీ చేతులతో తిరిగి రావడమే మంచిదైంది. 9 అడుగుల రాడ్ సముద్రపు ఒడ్డున నిలబడి అలల మీదుగా దూరంగా విసరడానికి పనికివచ్చే వస్తువు. కయాక్‌లో అది అడుగడుగునా అడ్డు తగులుతుంది. నేను ఎనిమిదేళ్ళుగా వెస్ట్ బేలోనూ, క్రిస్మస్ బేలోనూ కయాక్ మీద చేపలు పడుతున్నాను కాబట్టి నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందుగా పొడవు సంగతి. చాలామంది ఎంత దూరం విసరగలమన్న దానిని బట్టి రాడ్‌ను ఎంచుకుంటారు. కయాక్ మీద అంతకంటే ముఖ్యమైన లెక్క మరొకటి ఉంది. గాలానికి పడిన చేప పడవ దగ్గరకు వచ్చేసరికి తప్పకుండా ఒకసారైనా పడవ కిందికి దూరి అవతలి వైపుకు పోతుంది. గట్టు మీదో, పెద్ద పడవలోనో ఉన్న మనిషి దానితో పాటు నాలుగు అడుగులు నడవగలడు. మనం కూర్చున్నచోటు నుంచి కదలలేము. అప్పుడు చేయగలిగింది ఒక్కటే: చేతులు ముందుకు చాచి, రాడ్ కొనను నీటిలోకి వంచి, పడవ ముక్కు చుట్టూ తిప్పి అవతలికి తీసుకుపోవడం. రాడ్ కొన ముక్కును దాటకపోతే లైన్ పడవ అడుగుకు ఒరుసుకుంటుంది, రాడ్ పడవ అంచు మీద వంగి విరుగుతుంది.

నాకు మొదటి ఏడాదే ఈ పాఠం తెలిసివచ్చింది. నా పడవ 12 అడుగులది, అప్పటి రాడ్ 5.5 అడుగులది. ఇంట్లో కొలిచి చూసినప్పుడు కొన ముక్కుదాకా అందినట్టే కనిపించింది, కానీ బరువు పడి వంగిన రాడ్ పొడవు తగ్గిపోతుందన్న సంగతి నేను ఆలోచించలేదు. దాదాపు 25 అంగుళాల రెడ్‌ఫిష్ ఒకటి పడవ కిందుగా వెళ్ళినప్పుడు రాడ్ రెండు ముక్కలైంది, చేపా పోయింది. అందుచేత మీ పడవకు 6.5 అడుగుల నుంచి 7 అడుగుల మధ్య ఉన్న రాడ్ చూడండి. కొనే ముందు పెరట్లో కయాక్ వేసుకుని కూర్చుని, అదే పొడవున్న ఏదైనా కర్రతో ముక్కు చుట్టూ తిప్పి చూస్తే సందేహం ఉండదు.

రాడ్ కింది పిడి పొడవును కూడా గమనించండి. పొడవైన పిడి రెండు చేతులతో విసిరేవారికి అనుకూలం. కూర్చున్నవారికి మాత్రం అది లైఫ్ జాకెట్‌కు తగులుకుంటుంది, విసిరిన ప్రతిసారీ పొట్టకు గుచ్చుకుంటుంది. లైఫ్ జాకెట్ వేసుకునే దుకాణానికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని రాడ్ ఆడించి చూడటానికి మొహమాటపడకండి. బలం విషయానికి వస్తే రాడ్ మీద మీడియం అనీ, వంపు ఫాస్ట్ (అంటే కొన దగ్గరే ఎక్కువగా వంగేది) అనీ రాసి ఉన్నది తీసుకోండి. పిడికి పైన సన్నని అక్షరాలతో ఎన్ని పౌండ్ల లైన్ (అంటే ఎంత బరువు దాకా తెగకుండా నిలిచేది), ఎన్ని ఔన్సుల ఎర దానికి తగినవో అచ్చు వేసి ఉంటుంది. 8 నుంచి 17 పౌండ్ల లైన్‌కూ, పావు ఔన్సు నుంచి ముప్పావు ఔన్సు ఎరకూ కాస్త అటూ ఇటూగా ఉన్న రాడ్ ఈ బేలో మీరు చేయబోయే పనులన్నింటికీ సరిపోతుంది. రొయ్యను గుచ్చి పాపింగ్ కార్క్ (లాగితే చప్పుడు చేసే బెండు) కింద వేలాడదీసినా, పావు ఔన్సు జిగ్ తలకు (బరువు గుండు ఉన్న కొక్కేనికి) మెత్తని ప్లాస్టిక్ చేపను తొడిగి గడ్డి అంచున లాగినా, బంగారు రంగు స్పూన్ (చెంచా ఆకారపు లోహపు ఎర) విసిరినా అదే రాడ్ చాలు.

రీల్ మాత్రం నిస్సందేహంగా స్పిన్నింగ్ తీసుకోండి. సైజు 2500 లేదా 3000. అంతకంటే పెద్దది కట్టుకుంటే నాలుగు గంటలయ్యేసరికి మణికట్టు నొప్పి పుడుతుంది. దానివల్ల అదనంగా వచ్చే బలం ఈ లోతు తక్కువ నీళ్ళలో దేనికీ అక్కరకు రాదు. డబ్బు విషయంలో నా సలహా ఏమిటంటే, మీ 150 డాలర్లలో సగానికి పైగా రీల్ కోసం కేటాయించండి. చవక రాడ్ అయినా జాగ్రత్తగా వాడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. ఉప్పునీటిలో చవక రీల్ ఒక వేసవి దాటదు. కయాక్ మీద రీల్ నీటికి జానెడు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి పడవ తిరగబడకపోయినా తెడ్డు నుంచి కారే నీరు, చిన్న అల చిమ్మే నీరు రోజంతా దాని మీద పడుతూనే ఉంటాయి. పెన్ కంపెనీ వారి స్పిన్‌ఫిషర్ 6 లాంటి వాటిలో నీరు చొరకుండా సీళ్ళు ఉంటాయి, వాటికి ఐపీఎక్స్5 అన్న ప్రమాణం ఉంది. అయితే ఆ ప్రమాణం అర్థం చిమ్మే నీటిని తట్టుకుంటుందని మాత్రమే, నీటిలో ముంచవచ్చని కాదు. అంత ధర మీ లెక్కకు మించుతుంది కాబట్టి సీళ్ళు లేని మంచి రీల్ తీసుకుని శుభ్రంగా చూసుకోవడం ఉత్తమం. ఇంటికి రాగానే డ్రాగ్ (చేప గట్టిగా లాగినప్పుడు లైన్ కొంత ఒత్తిడితో జారేలా చేసే బ్రేకు) బిరడాను బిగించి, సన్నని ధారగా మంచినీరు పోసి కడిగి, తుడిచి, ఆరిన తరువాత డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి పెట్టండి. వేగంగా చిమ్మే గొట్టంతో కడిగితే ఆ ఒత్తిడికి ఉప్పు లోపలికే పోతుంది.

లైన్ గురించి నా అభిప్రాయం బ్రెయిడ్ వైపే. 15 పౌండ్ల బ్రెయిడ్ మందం సుమారు 4 పౌండ్ల మోనోఫిలమెంట్ అంతే ఉంటుంది; అందువల్ల కూర్చుని విసిరినా ఎర దూరం పోతుంది. సాగదు కాబట్టి చేప నోటితో తాకిన చిన్న కదలిక కూడా వేలికి తెలుస్తుంది. కానీ ఈ బే అంతా ఆల్చిప్పల దిబ్బలే. ఆ పెంకు అంచుకు తగిలితే సన్నని బ్రెయిడ్ పుటుక్కున తెగిపోతుంది. అందుకని చివర రెండు మూడు అడుగుల 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్‌నో, మోనోనో లీడర్‌గా కట్టాలి. నున్నగా ఉన్న స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టుకునే కండె) మీద బ్రెయిడ్ నేరుగా చుడితే చుట్ట మొత్తం జారి తిరుగుతుంది, డ్రాగ్ పాడైందని మనం పొరపడతాము. ముందు పది పదిహేను గజాల మోనో చుట్టి దానికి బ్రెయిడ్ కట్టండి. స్పూల్‌ను అంచుదాకా నింపకుండా రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. విసిరిన తరువాత బెయిల్ తీగను (లైన్‌ను స్పూల్ మీదికి మళ్ళించే వంపు తీగను) చేతితో మూసి, లైన్‌ను ఒకసారి బిగువుగా లాగి, ఆ తరువాతే చుట్టడం మొదలుపెట్టండి. గాలిలో పడే చిక్కుముడులు చాలావరకు ఈ ఒక్క అలవాటుతో తగ్గిపోతాయి.

డ్రాగ్ ఎంత బిగించాలన్న ప్రశ్న మీరు అడగలేదు కానీ, చెప్పకుండా ఉండలేను. మామూలు సూత్రం ప్రకారం లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా బిగిస్తారు. కయాక్ మీద పెద్ద చేప పడితే పడవే దాని వెంట లాగబడుతుంది, అంటే పడవ కూడా డ్రాగ్‌లా పనిచేస్తుంది. కాబట్టి 15 పౌండ్ల లైన్‌కు 3 లేదా 4 పౌండ్లు చాలు. మనం ఇండియాకు వెళ్ళేటప్పుడు పెట్టెలు తూచుకునే చేతి త్రాసు మీ ఇంట్లో ఉండే ఉంటుంది. లైన్ చివరను దాని కొక్కేనికి కట్టి, రాడ్‌ను వంచి లాగుతూ, ఏ అంకె దగ్గర లైన్ జారుతుందో చూసుకోండి. చేతితో లాగి అంచనా వేయడం కంటే ఇది వంద రెట్లు నమ్మదగినది.

రే_రాబర్ట్స్_గట్టు

పై సమాధానంలో రాడ్, రీల్ గురించి చెప్పినదంతా నేను అంగీకరిస్తాను. లైన్ విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. నేను డాలస్ ఉత్తరాన రే రాబర్ట్స్, లూయిస్‌విల్ చెరువులలో లార్జ్‌మౌత్ బాస్ పడుతుంటాను. నాది మంచినీటి అనుభవమే అయినా, కొత్తవారికి కయాక్ మీద ఎదురయ్యే చిక్కులు ఎక్కడైనా ఒకటే.

రీల్ అంటే ఏమిటో తెలియని మనిషి మొదటి నెలలో చేసేది చిక్కులు విప్పుకోవడం, ముడులు నేర్చుకోవడం. 10 పౌండ్ల మోనోఫిలమెంట్ ఈ రెండింటికీ అనువైనది. చిక్కు పడినా ఓపికగా విప్పవచ్చు, విప్పలేకపోతే కోసి పారేసినా పెద్ద నష్టం లేదు. బ్రెయిడ్‌లో చిక్కు పడితే, అందులోనూ గాలికి కొట్టుకుపోతున్న పడవలో కూర్చుని ఉంటే, కత్తిరించడం తప్ప మార్గం ఉండదు. మోనో సాగే గుణాన్ని లోపంగా చెబుతారు. కొత్తవారు చేప తాకగానే కంగారుగా బలంగా లాగుతారు. అప్పుడు ఆ సాగే గుణమే చేపను నిలబెడుతుంది. మీరు పట్టదలచిన స్పెకల్డ్ ట్రౌట్ నోరు చాలా మెత్తనిదని, గట్టిగా లాగితే కొక్కెం చీల్చుకుని ఊడిపోతుందని బేలో పట్టే మిత్రులందరూ చెబుతారు.

అంతకంటే ముఖ్యమైనది భద్రత. రే రాబర్ట్స్‌లో నీట మునిగిన మోడు చెట్లు ఎక్కువ. ఎర ఒక కొమ్మకు తగులుకున్నప్పుడు నేను బ్రెయిడ్‌ను అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని పక్కకు లాగాను. అది సాగదు, తెగదు. అరచేయి కోసుకుపోయింది, ఆ ఊపుకు పడవ ఒక పక్కకు ఒరిగి నేను నీళ్ళలో పడ్డాను. మోనో అయితే కాస్త లాగగానే తెగిపోయేది. ఎవరైనా బ్రెయిడే వాడదలచుకుంటే, ఎర తగులుకున్నప్పుడు తెడ్డు వేసుకుంటూ దాని మీదికే వెళ్ళి, వెనుక వైపు నుంచి విడిపించుకోవాలి. తప్పనిసరై లాగవలసి వస్తే ఒక చెక్క ముక్కకు చుట్టి, పడవ ముక్కు దిశగా లాగాలి. ఎప్పుడూ పక్కకు లాగకూడదు. ఒక చిన్న కత్తెర లైఫ్ జాకెట్‌కు తగిలించి ఉంచుకోండి.

మోనోకు ఉన్న అసలు లోపం ఎండ. టెక్సాస్ వేసవిలో కారు డిక్కీలో పడేసిన మోనో పెళుసుబారుతుంది, స్పూల్ ఆకారంలో సుడులు తిరిగి ఉండిపోతుంది. కాబట్టి ఏడాదికి ఒకసారైనా, తరచుగా వెళ్ళేవారైతే రెండుసార్లు, మార్చుకోవాలి. బ్రెయిడ్ కొన్నేళ్ళు ఉంటుందన్నది నిజమే.

బెయిట్‌కాస్టర్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. విసిరేటప్పుడు దాని స్పూల్ తిరుగుతూ ఉంటుంది. ఎర గాలికి ఎదురై నెమ్మదించినప్పుడు బొటనవేలితో ఆపకపోతే లైన్ అంతా పిట్టగూడు అవుతుంది. గట్టు మీద నిలబడి నేర్చుకున్నాక దానిని పడవలోకి తీసుకురావచ్చు.

కాకినాడ_తీరం

నేను కార్పస్ క్రిస్టీలో ఉంటాను. మా అబ్బాయితో కలిసి రెండు కయాక్‌లలో వెళ్తుంటాను. పొడవు గురించి వెస్ట్‌బే_తెడ్డు గారు కనీసం ఎంత ఉండాలో చెప్పారు. ఎక్కువైతే ఏమవుతుందో నేను చెబుతాను. చేపను చివరకు వలలోకి ఎక్కించేది మనమే, ఒంటరిగానే. ఒక చేత రాడ్‌ను వెనక్కు ఎత్తిపట్టి, మరో చేత చిన్న వల చాచాలి. రాడ్ ఏడున్నర అడుగులు దాటితే చేప మన చేయి అందని దూరంలో ఆగిపోతుంది. దగ్గరకు తెచ్చుకోవాలని రాడ్‌ను నెత్తి మీదుగా నిలువుగా ఎత్తితే బరువంతా కొన మీద పడి అది విరుగుతుంది. ఎంత మంచి రాడ్ అయినా ఈ భంగిమలో నిలవదు. బయట లైన్ సుమారు రాడ్ పొడవంత ఉన్నప్పుడు చుట్టడం ఆపి, రాడ్‌ను పక్కకూ వెనక్కూ వాల్చి చేపను వల మీదికి నడిపించండి. లీడర్ పొడవు రెండున్నర అడుగులకు మించవద్దని కూడా ఇందుకే చెబుతాను. పెద్ద ముడి కొన రింగులో ఇరుక్కుంటే ఆ చివరి క్షణంలో లైన్ జారదు.

రీల్ పిడి ఏ వైపు ఉండాలన్నది ఎవరూ ప్రస్తావించలేదు. స్పిన్నింగ్ రీల్ పిడిని ఊడదీసి ఏ వైపుకైనా మార్చుకోవచ్చు. మీరు కుడిచేతి వాటం అయితే పిడిని ఎడమ వైపు పెట్టుకోండి. కుడిచేత్తో విసిరిన రాడ్ కుడిచేతిలోనే ఉంటుంది, ఎడమచేత్తో చుట్టవచ్చు. చేతులు మార్చుకునే పని ఉండదు కాబట్టి రాడ్ జారిపడే అవకాశం తగ్గుతుంది. మొదటి రోజు వింతగా అనిపించినా, రెండో రోజుకు అలవాటవుతుంది.

రాడ్‌కు ఒక తాడు కట్టడం మరవకండి. సాధారణ రాడ్‌లు, రీల్‌లు రాయిలా మునిగిపోతాయి. మా అబ్బాయి మొదటి రాడ్ అలాగే పోయింది. అయితే పొడవైన తాళ్ళు కాళ్ళకు చుట్టుకుంటే పడవ తిరగబడినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. చేయి చాచేంత పొడవు, సులువుగా విడిపోయే కొక్కెం ఉన్నవి చాలు. తెడ్డు వేసేటప్పుడు మాత్రమే తగిలించి, చేపతో పోరాడేటప్పుడు తీసివేసేవారు కూడా ఉన్నారు. నేనైతే ఎప్పుడూ తగిలించే ఉంచుతాను. సీటు వెనుక గొట్టాలలో నిలబెట్టిన రెండో రాడ్ మీరు విసిరేటప్పుడు అడ్డం రాకుండా చూసుకోండి. మొదటి ఆరు నెలలు రెండో రాడ్ లేకపోయినా లోటు ఉండదు.

లైసెన్స్ సంగతి ఒక మాట. టెక్సాస్‌లో 17 ఏళ్ళు నిండినవారికి లైసెన్స్, దానితో పాటు ఉప్పునీటి అనుమతి ఉండాలి. ఏడాది లైసెన్స్ మామూలుగా ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి జూలైలో కొనేవారు ఈ సంగతి ఆలోచించుకోవాలి. రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్నవి రోజుకు 3 మాత్రమే ఉంచుకోవచ్చు. కొలబద్ద పట్టీని పడవ మీదే అతికించుకోండి. 13 ఏళ్ళలోపు పిల్లలు పడవలో ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకోవాలని చట్టం చెబుతోంది. పెద్దలకు పడవలో ఉంటే చాలునని ఉన్నా, దయచేసి ఒంటి మీదే ఉంచుకోండి.

కోనసీమ_కాలువ

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం గరాజ్‌లో కయాక్ వేసి కూర్చుని కొలిచాను. సీటు నుంచి ముక్కు దాకా 5 అడుగుల 8 అంగుళాలు ఉంది. ఇంట్లో ఉన్న 7 అడుగుల పరదా కడ్డీని చేతులు చాచి పట్టుకుని తిప్పితే కొన అవతలికి హాయిగా వెళ్ళింది. 6 అడుగుల దగ్గర పట్టుకున్నప్పుడు, కొన నేలకు ఆనేలా వంచితే, అంచుకు ఒరుసుకుంది. చూసి చెప్పడం వేరు, కూర్చుని తిప్పడం వేరని అర్థమైంది.

కాబట్టి 7 అడుగుల మీడియం రాడ్, 3000 రీల్ తీసుకుంటున్నాను. లైన్ విషయంలో రెండు వాదనలూ నాకు న్యాయంగానే తోచాయి. రీల్‌తో పాటు విడి స్పూల్ ఒకటి వస్తోంది కాబట్టి, ఒకదానిపై 10 పౌండ్ల మోనో చుట్టి మొదటి నెల అదే వాడి, చేయి తిరిగాక రెండోదానిపై బ్రెయిడ్ వేసుకుందామనుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది. బ్రెయిడ్‌కు లీడర్ కట్టే ముడి, పడవలో తడి చేతులతో కట్టగలిగినది ఏది?

వెస్ట్‌బే_తెడ్డు

విడి స్పూల్ ఆలోచన బాగుంది. రే_రాబర్ట్స్_గట్టు గారు చెప్పిన చేతి గాయం సంగతి చదివాక, కొత్తవారికి బ్రెయిడ్ ముందే సూచించే ముందు ఆ హెచ్చరిక నేనూ చేయవలసిందని అనిపించింది. మోనో వాడే నెలలో ఒక జాగ్రత్త: దానికీ 20 పౌండ్ల లీడర్ కట్టుకోండి, ఆల్చిప్పలు 10 పౌండ్ల మోనోను కూడా వదలవు. డ్రాగ్‌ను కూడా దానికి తగినట్టు రెండున్నర పౌండ్లకు తగ్గించుకోండి.

ముడికి డబుల్ యూని నేర్చుకోండి. రెండు లైన్ల కొనలను ఎదురెదురుగా పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కదానితో రెండోదాని చుట్టూ ఒక యూని ముడి (జారే ఉచ్చు ముడి) వేసి, రెండు ముడులను ఒకదానివైపు ఒకటి లాగడమే. బ్రెయిడ్ జారుతుంది కాబట్టి దానితో 6 నుంచి 8 చుట్లు, మందంగా ఉండే లీడర్‌తో 4 చుట్లు వేయండి. బిగించే ముందు తప్పకుండా తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడికి పుట్టే వేడి మోనోను, ఫ్లోరోకార్బన్‌ను బలహీనపరుస్తుంది. ఎఫ్‌జీ అనే మరో ముడి ఇంతకంటే సన్నగా, బలంగా ఉంటుంది, రింగులలో నుంచి సాఫీగా పోతుంది. ఊగే పడవలో మాత్రం నేను ఇప్పటికీ దానిని కట్టలేను, ఇంట్లోనే కట్టుకుని వెళ్తాను. పాపింగ్ కార్క్ వాడే రోజున బ్రెయిడ్‌ను నేరుగా కార్క్ పై వలయానికి కట్టి, లీడర్‌ను కింది వలయానికి కట్టవచ్చు. అప్పుడు లైన్‌ను లైన్‌కు కలిపే ముడి అవసరమే ఉండదు. మీ మొదటి రెండు మూడు ప్రయాణాలకు అదే పద్ధతి సూచిస్తాను.

ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ దక్షిణపు గాలి మధ్యాహ్నానికి బాగా పెరుగుతుంది. తెల్లవారుతుండగా దిగి, పది పదకొండు గంటలకల్లా ఒడ్డుకు చేరేలా మొదటి ప్రయాణం పెట్టుకోండి. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళితే, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అది మిమ్మల్ని ఒడ్డుకు తోస్తుంది. వచ్చే శనివారం గాలి 10 మైళ్ళ లోపు ఉంటే నేను స్టేట్ పార్క్ బే వైపే వెళ్తున్నాను. మీకు వీలైతే రండి, నీళ్ళలోకి దిగే ముందు మీ రీల్ డ్రాగ్‌ను త్రాసుతో కలిసి సరిచేద్దాం.